మనిషి చెయ్యి పడనిది

పాత్ర లోపలి అంచు మీద ఉలి గాటు ఒకటి మిగిలిపోయింది. నువ్వుగింజలో సగం ఉంటుంది. దాన్ని మెయిగూ కళ్ళతో కాదు, బొటనవేలితో పట్టుకుంది. నీళ్ళలో నానుతున్న కణుపుగడ్డి పుల్ల ఒకటి తీసి, చీల్చి, వేలికి చుట్టుకుని దాని మీద రుద్దడం మొదలుపెట్టింది.

"ఇంకా ఉందా?" అన్నాడు ఆమె భర్త పు ఆన్‌డే. ఉలులు తుడిచి గుడ్డలో చుడుతున్నాడు.

"ఒకటుంది. ముసలాడివైపోతున్నావు."

"నువ్వు రుద్దేది చాలక మిగిలిందేమో."

"సరేలే. పోయింది."

రాతకుంచెలు నిలబెట్టుకునే పాత్ర అది. దక్షిణాది నుంచి పడవలో వచ్చిన వేరు మొద్దుని ఆన్‌డే నాలుగు నెలలు చెక్కాడు. బుడిపెలు, ముడతలు, వాన తొలిచినట్టుండే గుంటలు అన్నీ అతని ఉలివే. పురుగు తిన్న దారులు మూడున్నాయి. వాటి కోసం వీధి తలుపుని పురుగు ఎలా తిందో మూడు రోజులు చూసి, ఆ తర్వాతే సూది పట్టాడు. ఇంత చేశాక చేసినట్టు కనబడకూడదు. సుజౌలో చదువుకున్నవాళ్ళ బల్ల మీద ఉలి గాటు కనబడితే అది బజారు సరుకు, కనబడకపోతే దైవం చేసింది. ఆ గాట్లు చెరిపేయడం మెయిగూ పని. ఇరవై రెండేళ్ళుగా మొగుడు చేసిన పనిని కనబడకుండా చేస్తోంది.

గడ్డి తర్వాత లక్క చెట్టు పాలు. గుడ్డ ఉండకి అంటించి పలచగా తుడిచి, తడిగుడ్డలు వేలాడే అలమరలో పెట్టాలి. ఆరాక మళ్ళీ గడ్డి, మళ్ళీ పాలు. పన్నెండుసార్లు. కొన్ని రోజుల తర్వాత ఒక పొద్దున ఎనిమిదో పూత వేసి అలమర తలుపు మూసిందో లేదో, యాన్ పెద్దయ్యగారి దివాణం నుంచి పెత్తందారు లుయో వచ్చాడు.

"తీసుకుపోతున్నా," అన్నాడు నిలబడే.

"ఇప్పుడే పూశాను లుయోగారూ. ఇంకా నాలుగు పూతలున్నాయి. ఆ తర్వాత పదిరోజులు అలమరలో ఉండాలి."

"ఇరవై అయిదో తారీకుకి పరీక్షాధికారి వస్తున్నారు. అంటే ఇవాళ కాక నాలుగు రోజులు. నీ అలమర కోసం ఆయన పడవ ఆగుతుందా?"

"ఆరని పాలు తగిలితే ఒళ్ళు పొంగుతుంది."

"ఎండలో పెట్టిస్తాను."

"లక్కపాలు ఎండకి ఆరవండీ. తడికి ఆరతాయి."

లుయో ఆన్‌డే వైపు తిరిగి నవ్వాడు. "నీళ్ళు తగిలితే ఆరే సరుకట! మీ ఆవిడ మా బట్టలు ఉతకడానికి రాలేదు, అదృష్టం." తర్వాత నవ్వు ఆపి, రావాల్సిన మాటకొచ్చాడు. పెద్దయ్యగారి తాతగారికి కొండవాగులో ఈ వేరు ఇలాగే దొరికిందట. మూడు తరాలుగా ఆ ఇంటి బల్ల మీదే ఉంది. ఉలి అన్న మాటగానీ లక్క అన్న మాటగానీ ఈ గుమ్మం దాటకూడదు. మూడు తరాల నిగారింపు రావాలి కాబట్టి రేపట్నుంచి మెయిగూ దివాణానికి వచ్చి దగ్గరుండి రుద్దించాలి.

"మూడు తరాలది మూడు రోజుల్లోనా?" అంది మెయిగూ.

"మా దగ్గర మనుషులున్నారు," అన్నాడు లుయో, పాత్రని పట్టుగుడ్డలో చుట్టుకుంటూ.

*

ఆ మనుషులు వంటింటి వెనక గదిలో ఉన్నారు. అయిదుగురు ఆడవాళ్ళు, అయిదు పీటలు. ఒకామె ఒళ్ళో ముద్రల పెట్టె. ఒకామె చేతిలో, రాసేటప్పుడు మణికట్టు కింద పెట్టుకునే చెక్క. అందరూ అరచేతులతో రుద్దుతున్నారు. గదిలో కిటికీ లేదు. వేడికి చెమట పట్టాలి, చెమట కర్రకి పట్టాలి. తలుపు తీయగానే వచ్చిన వాసనకి మెయిగూ గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగింది. మురిగిన నూనె, చంకలు, పందికొవ్వు.

చివరి పీట మీదామెకి పాతికేళ్ళుంటాయి. పేరు ఆహువాన్. ఆమె చేతులతో రుద్దడం లేదు. పాత్రని ముఖానికి ఆనించి తిప్పుతోంది. ముక్కు పక్కన రెండు చుట్లు, బుగ్గ మీద రెండు, నుదుటి మీద ఒకటి, మళ్ళీ ముక్కు.

"నువ్వేనా పు వదినవి?" అంది ఆపకుండానే. "కూర్చో. ఏం చూస్తున్నావ్, నా మొహమేనా? ఈ ఇంట్లో దీని అంత జిడ్డుమొహం ఇంకోటి లేదు. లుయోగారు అందర్నీ వరసగా నిలబెట్టి, నుదుటి మీద కాగితం అద్ది చూసి మరీ నన్ను ఏరాడు."

"కాగితమా?"

"అవును! ఎవరి కాగితానికి జిడ్డు అవతలివైపుకి దిగితే వాళ్ళది ఈ పీట. నా కాగితం మీద దీపం పెడితే వెలిగేది."

పక్కనామె ముద్రల పెట్టె మీంచి తలెత్తింది. "దానికి రెండు పూటలా పందికొవ్వు అన్నం వదినా. మాకు గంజి."

"నీ మొహం కూడా కారితే నీకూ పెడతారు," అంది ఆహువాన్. "మా అమ్మ ఈ మొహం చూసి ఏడ్చేది, ఎవడు చేసుకుంటాడే నిన్నని. ఇప్పుడు చూడు, పండితుల బల్ల మీదికెక్కింది."

మెయిగూ పాత్ర అందుకుంది. వేలు అడుగున ఆనించి తీసింది. వేలు వెంటనే రాలేదు. సన్నగా పట్టుకుని, ఆ తర్వాత వదిలింది.

"దీన్నెక్కడ పెట్టారు రాత్రి?"

"బొగ్గుల కుంపటి పక్కన. లుయోగారే స్వయంగా పెట్టారు, త్వరగా ఆరుతుందని."

పైన పొర బిగిసింది. లోపల పచ్చిగానే ఉంది. మెయిగూ లేచి వెళ్ళి, వసారాలో పనివాళ్ళని తిడుతున్న లుయోకి చెప్పింది. ఈ అమ్మాయితో ముఖానికి రుద్దించకండి, నా చేతులకి లక్కపాలు అలవాటు, నేను రుద్దుతాను అంది. లుయో ఆమె చేతులు పట్టి తిప్పి చూశాడు. కాయలు కాసి, పొడిబారి, గోళ్ళ చుట్టూ నల్లబడి ఉన్నాయి.

"వీటితోనా? చెప్పుల తోలు చేస్తావు దాన్ని. పోయి నీ పని చూసుకో. ఆ మాట మళ్ళీ అనకు."

"ఏ మాట?"

"అదే. ఇప్పుడన్న మాట."

ఆమె గదిలోకి తిరిగొచ్చి ఆహువాన్ పక్కన కూర్చుంది. "ముఖానికి కాదు, ముంజేతికి రుద్దు," అంది మెల్లగా.

"ముంజేతికి నూనెక్కడిది వదినా?" అని, ఆహువాన్ మళ్ళీ ముక్కుకి ఆనించుకుంది.

మర్నాడూ అదే పని. సాయంత్రానికి పాత్ర మెరుస్తోంది. తేనె రంగు దిగి, లోపల్నుంచి వెలుగు వస్తున్నట్టుంది. అది మంచి మెరుపని మెయిగూకి తెలుసు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు కాబట్టి దాన్ని చూడలేకపోయింది. ఇంటికొచ్చి చేతులు మూడుసార్లు కడుక్కుంది.

*

ఇరవై నాలుగో తారీకు పొద్దున ఆహువాన్ పీట ఖాళీగా ఉంది. ముద్రల పెట్టె ఆమె తలెత్తకుండా, కట్టెల కొట్టు వైపు గడ్డంతో చూపించింది.

ఆహువాన్ కట్టెల మీద గోనె పరుచుకుని కూర్చుని ఉంది. కళ్ళు లేవు, వాటి చోట రెండు గీతలున్నాయి. పెదవులు వాచి బయటికి తిరిగాయి. ముక్కు రెండు వైపులా పొక్కులు పగిలి పసుపు నీరు కారుతోంది.

"వదినా, నువ్వేనా?"

"నేనే."

"అద్దం ఇవ్వట్లేదెవరూ. చూడ్డానికి బాగున్నానా?"

మెయిగూ ఏదో అనబోయేలోపు వసారాలో అడుగుల చప్పుడైంది. కాంగ్ వైద్యుడు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే ఆగాడు. నాడి చూడలేదు. వెదురు కర్రతో ఆమె గడ్డం పైకెత్తి, ఇటూ అటూ తిప్పి, కర్ర అక్కడే పారేశాడు.

"కుష్టు," అన్నాడు లుయోతో. "ముఖం నుంచి మొదలయ్యే రకం. అతిథులు రాకముందే పంపించేయండి."

"కాదండీ," అంది మెయిగూ. "లక్కపాలు తగిలి పొంగింది. పెళ్ళయిన ఏడాది నాకూ ఇలాగే పొంగింది. పచ్చి పీతల రసం రాస్తే పదిరోజుల్లో..."

లుయో ఆమె జబ్బ పట్టుకుని వసారా చివరికి లాక్కుపోయాడు. అక్కణ్ణుంచి తిన్నగా పెద్దయ్యగారి చదువు గదికి.

యాన్ పెద్దయ్యగారు కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. పాత్ర ఆయన చేతిలో ఉంది. దాన్ని ముక్కు పక్కన ఆనించి మెల్లగా తిప్పుతున్నారు. ఆడవాళ్ళు మొదలుపెట్టినదాన్ని ఆయన ముగిస్తున్నారు. లుయో చెప్పినదంతా విని, కోప్పడలేదు.

"చూడమ్మా, ప్రపంచంలో వస్తువులు రెండు రకాలు. చేసినవి, పుట్టినవి. నా బల్ల మీద చేసిన వస్తువు ఉంటే, దాన్ని చేసినవాడు కూడా నా బల్ల దగ్గర కూర్చున్నట్టే. అది బాగుండదు. ఇది పుట్టింది. అవునా?"

"ఆ అమ్మాయిని కుష్టువాళ్ళ పాకలకి పంపిస్తామంటున్నారండీ."

"అమ్మాయి సంగతి వైద్యుడిది. పాత్ర సంగతి నాది. నీ మొగుడి చేతిపని బతకడం, మానడం నీది. రెండుసార్లు పరీక్ష పోయిన కొడుకున్నాడు నాకు. రేపొచ్చే ఆయన చేతుల్లో వాడి బతుకుంది. ఇది పుట్టింది. అవునా?"

పాత్ర ఆయన ముక్కు మీంచి దిగి వచ్చింది. ముక్కు పక్కన తడి మెరుస్తోంది.

"అవునయ్యగారూ," అంది మెయిగూ.

మధ్యాహ్నం ఆహువాన్‌ని వెనక కాలువ మెట్ల దగ్గర పడవ ఎక్కించారు. పడవవాడు ఆమెని ముట్టుకోడు కాబట్టి, చేతికి తాడు చివర ఇచ్చి రెండో చివర వాడు పట్టుకున్నాడు. ఆమెకి కళ్ళు కనబడక మెట్టు తప్పి మోకాళ్ళ మీద పడింది. "నెమ్మదిగా లాగవయ్యా, గేదెననుకున్నావా!" అంది. పడవలో కూర్చున్నాక, ఎటో తెలియక, గట్టు వైపనుకుని అవతలి గోడ వైపు తిరిగి, "వదినా, పాకల్లో వాళ్ళకి చెప్పు, ఇది అంటుకోదని," అంది. మెట్ల మీద నలుగురున్నారు. ఎవరూ మాట్లాడలేదు. మెయిగూ కూడా.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. ఆన్‌డే ఉలికి సాన పెడుతున్నాడు, ఆపలేదు.

"మనమేం చేస్తాం?" అన్నాడు చివరికి.

"అదే. మనమేం చేశాం అని అడుగుతున్నా."

*

విందు పీతలతో మొదలైంది. బల్ల చుట్టూ ఏడుగురు అతిథులు. మెయిగూని తెర వెనక నిలబెట్టారు. పాత్ర చేతులు మారినప్పుడల్లా, జిడ్డు మరక పడితే మెత్తటి గుడ్డతో తుడిచి ఇవ్వాలి. తెర సన్నటి పట్టు. అవతలివాళ్ళు ఆమెకి కనబడతారు. ఆమె వాళ్ళకి కనబడినా చూడరు.

పెద్దయ్యగారు తాతగారి కథ చెప్పారు. కొండవాగు, వాన, వేరు కొట్టుకొచ్చి తాతగారి పాదాల దగ్గర ఆగడం. ఈసారి వాగులో కొంగ కూడా ఉంది. నిన్న లుయోకి చెప్పి చూసుకున్నప్పుడు కొంగ లేదు.

"ఒక్క గాటు లేదు," అన్నారు పరీక్షాధికారి, పాత్ర వెలుగుకి పట్టి. గడ్డం మీద పీత గుడ్డు అంటుకుని ఉంది. "మనిషి చెయ్యి పడితే ఎంత నేర్పరైనా ఎక్కడో దొరుకుతాడు."

"పడితే కదండీ," అన్నారు పెద్దయ్యగారు.

"ఈ పురుగు దారులు చూడండి. ఎవడు చేయగలడు?"

మూడు రోజులు వీధి తలుపు ముందు కూర్చున్నవాడు, అనుకుంది మెయిగూ.

పరీక్షాధికారి పాత్రని ముక్కు పక్కన ఆనించి ఒక చుట్టు తిప్పారు. "మూడు తరాల నిగారింపు మీద నా వంతు." అందరూ నవ్వారు. తర్వాత పాత్ర బల్ల చుట్టూ తిరిగింది. ప్రతివాడూ ఒక చుట్టు తిప్పాడు. ఏడు ముక్కులు. తెర దగ్గరకొచ్చినప్పుడల్లా ఆమె తుడిచింది. గుడ్డ మీద పీత కొవ్వు, మనిషి జిడ్డు, ఏది ఏదో తెలియదు. కుంపటి పక్కన నాలుగు రాత్రులు గడిచిన పాత్ర ఇంకా లోపల పచ్చిగానే ఉంది. ఎవరి ఒళ్ళు పొంగుతుందో, ఎవరికి ఏమీ కాదో ముందుగా చెప్పలేరు. చెప్పాలంటే లక్కపాలు అన్న మాట అనాలి. ఆ మాట అనవద్దన్నారు. ఆమె అనలేదు. ఈసారి అనకపోవడం కష్టం కాలేదు.

అయిదుగురు పద్యాలు రాశారు. అందరి పద్యాల్లోనూ కొంగ ఉంది.

*

ఇరవై ఏడు మధ్యాహ్నం లుయో వీధిలోంచే పిలుస్తూ వచ్చాడు. ఎప్పుడూ నిలబడి మాట్లాడేవాడు, పీట వేయకముందే కూలబడ్డాడు.

"రా అమ్మా, తొందరగా. పెద్దయ్యగారి ముఖం వాచింది. వేళ్ళు చూస్తే పీతకాళ్ళే. పరీక్షాధికారి ముక్కు అయితే... పడవ వంతెన దగ్గరే ఆపుకుని కూర్చున్నారు. మన ఇంట్లోంచి కుష్టుదాన్ని పంపించామని ఎవడో ఆయన చెవిన వేశాడు. ఊళ్ళో మన గుమ్మం ముందు నుంచి ఎవడూ నడవట్లేదు."

"కాంగ్ వైద్యుడేమన్నాడు?"

"రావట్లేదు. నువ్వొచ్చి చెప్పు, లక్కపాలని."

మెయిగూ గడ్డి పుల్ల చీల్చి నీళ్ళలో వేసింది. ఇంకోటి తీసింది.

"లక్క ఎక్కడిది లుయోగారూ? అది వాగులో దొరికింది కదా."

"వేళాకోళానికి వేళా ఇది?"

"కొంగ కూడా చూసిందట."

ఆన్‌డే ఉలి పక్కన పెట్టాడు. ఆపుతాడేమోనని మెయిగూ అతని వైపు చూసింది. అతను ఆపలేదు. లుయో వైపు చూస్తూ, "కుష్టే అయితే పాకలకి పంపడమే కదండీ పద్ధతి," అన్నాడు.

లుయో చేతులు జోడించాడు. మెయిగూ రెండు మాటలు చెప్పింది. ముందు ఆహువాన్ రావాలి. ఆమె వచ్చాక, ఇంట్లో అందరి ముందూ, పరీక్షాధికారి మనిషి ముందూ, పెద్దయ్యగారు తన నోటితో చెప్పాలి. కాగితం మీద కాదు. కాగితం తనకి చదవడం రాదు.

"ఆయన ఒప్పుకోరు."

"అయితే ముఖం చూసుకుంటూ కూర్చోమనండి."

పొద్దు వాలకముందే పడవ వెళ్ళి ఆహువాన్‌ని తీసుకొచ్చింది. మూడు రోజులు పాకల్లో ఆమెని ముట్టుకోనివాళ్ళు లేరట. అన్నం కలిపి నోట్లో పెట్టారట, వేళ్ళు లేనివాళ్ళు. కళ్ళు సన్నగా తెరుచుకున్నాయి. పొక్కులు ఎండి ముఖం మీద చెక్కు కట్టింది.

పెద్దయ్యగారు చదువు గదిలో తెర వెనక మంచం మీద ఉన్నారు. వంటవాళ్ళు, పీటల ఆడవాళ్ళు, పరీక్షాధికారి పంపిన గుమస్తా నిలబడ్డారు. వాచిన నోట్లోంచి మాట ముద్దగా వచ్చింది.

"అది... పుట్టింది కాదు. చెక్కింది."

"ఎవరు చెక్కారు?" అంది మెయిగూ.

తెర వెనక మంచం కిర్రుమంది.

"పు ఆన్‌డే. లక్కపాలు పూసింది. ఆరలేదు. ఈ పిల్లకి కుష్టు లేదు."

అంతసేపూ గుమ్మం వెనక ఉన్న కాంగ్ వైద్యుడు అప్పుడు లోపలికి వచ్చాడు. "నేను మొదట అన్నదీ ఇదే. లుయోగారు సరిగా వినలేదు," అన్నాడు.

గుమస్తా వెళ్ళి, దీపాలు పెట్టేలోపే ఉత్తరంతో తిరిగొచ్చాడు. పెద్దయ్యగారికి కళ్ళు కనబడవు కాబట్టి లుయో పైకి చదివాడు. ముక్కు తగ్గుతోందని రాశారు పరీక్షాధికారి. తమ దయ వల్ల కలిగిన భయం తీరిపోయిందని రాశారు. పాత్ర అడుగు చూసినప్పుడే అది చెక్కిన వస్తువని తెలిసిందట. ఏ వేరుకీ అంత సమమైన అడుగు ఉండదు. ఆ పూట బల్ల చుట్టూ ఉన్న ఏడుగురికీ తెలుసట. అన్నం పెట్టినవారి కథని మధ్యలో కోయడం మర్యాద కాదు కనుక ఎవరూ అనలేదు. పనివాడు నేర్పరి. తనకి కూడా ఇలాంటిదొకటి చేయించి పంపాలి. అయితే పూర్తిగా ఆరాక. దాన్ని కూడా వాగులో దొరికినట్టే చెప్పుకుందాం. అబ్బాయి పరీక్ష సంగతి గుర్తుంచుకుంటారు.

తెర వెనక నుంచి నవ్వు వినిపించింది. మొదట చిన్నగా, తర్వాత ఊరటగా. "పెద్దమనిషి," అన్నారు పెద్దయ్యగారు. "ఎంత పెద్దమనిషి!" లుయో కూడా నవ్వాడు. పీటల ఆడవాళ్ళని గదిలోకి పొమ్మన్నాడు.

మెయిగూ ఆహువాన్‌ని వంటింటి వసారాలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. విందులో మిగిలిన పీతలు రెండు బుట్టలో ఇంకా కదులుతున్నాయి. వాటిని రోట్లో వేసి దంచి, రసం గుడ్డలో పిండి గిన్నెలోకి తీసింది. వేలితో ముంచి ముక్కు పక్కన రాయబోయింది.

"ఏడుగురికీ తెలుసా?" అంది ఆహువాన్.

"తెలుసట."

"లుయోగారికి, అయ్యగారికి ఎలాగూ తెలుసు."

"తెలుసు."

"మరి ఎవరికి తెలియకూడదని నన్ను పంపించారు?"

గిన్నెలోంచి పచ్చి పీతల నీచు వాసన వస్తోంది. వేలి చివర రసం కారి మణికట్టు దాకా వచ్చింది.

"పడవెక్కేటప్పుడు నువ్వూ మెట్ల మీదే ఉన్నావట కదా వదినా. పాకల్లో కూర్చుని అనుకున్నా, వదిన లేదు కాబోలు, ఉంటే చెప్పేదని. ఇవాళ పడవవాడు చెప్పాడు."

"ఉన్నాను."

ఆహువాన్ తల ఊపింది. కోపంగా కాదు, లెక్కలోంచి ఒక పేరు కొట్టేసినట్టు. చెయ్యి చాచి, మెయిగూ చేతిలోంచి గిన్నె తీసుకుంది. వెనక్కి తిరిగి గోడ వైపు కూర్చుని, రెండు వేళ్ళు ముంచి, తన ముఖానికి తనే రాసుకోవడం మొదలుపెట్టింది.